చిన్న బ్యాంకు దీర్ఘకాల అప్పు: కనిపించే వడ్డీ, కరిగిపోయే మూలధనం

పట్టణ సహకార బ్యాంకు వార్షిక నివేదిక చేతికొస్తే సభ్యుడు ముందు చూసేది డివిడెండు ఎంతిచ్చారని. అప్పుల పట్టికలో ‘దీర్ఘకాలిక సబార్డినేటెడ్ డిపాజిట్లు’ (బ్యాంకు మూతపడితే మిగతా డిపాజిట్ల తర్వాతే తీర్చేవి) అన్న పద్దు జోలికి ఎవరూ పోరు. నిజానికి కాస్త ఆగి చూడాల్సింది దాన్నే.

గోదావరి డెల్టాకు దీర్ఘకాల అప్పు కొత్తేమీ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మాగాణి విలువ పెరిగింది, దాన్ని చూపించి తెచ్చే అప్పూ పెరిగింది. ప్రామిసరీ నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది గనక తిరగరాయడం, తిరగరాసినప్పుడల్లా వడ్డీ అసలులో కలవడం. 1904 చట్టంతో సహకార పరపతి సంఘాలు వచ్చినా పాత బాకీలు తీర్చేంత గడువు వాటి సొమ్ముకు లేదు. అందుకే 1929లో మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు పెట్టారు. అది డిబెంచర్లు (దీర్ఘకాల రుణపత్రాలు) అమ్మి, ఆ సొమ్మును ఊళ్లలోని తనఖా బ్యాంకుల ద్వారా రైతులకిచ్చింది. దీర్ఘకాలానికి తెచ్చి దీర్ఘకాలానికే ఇవ్వడం కాబట్టి లెక్క సూటిగా ఉండేది.

పట్టణ బ్యాంకు అవసరం వేరు. దానికి కావాల్సింది అప్పులివ్వడానికి సొమ్ము కాదు, చూపించడానికి మూలధనం. 1966 మార్చి 1 నుంచి సహకార బ్యాంకులకు బ్యాంకింగ్ చట్టం వర్తిస్తోంది. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు కూలాక నిఘా పెరిగింది. 2022లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం, పలు శాఖలుండి డిపాజిట్లు 100 కోట్లు దాటిన బ్యాంకులు మూలధన నిష్పత్తిని (రిస్కును బట్టి లెక్కగట్టిన ఆస్తుల్లో మూలధనం ఎంత శాతమన్నది) 2026 మార్చి 31 నాటికి 12 శాతానికి చేర్చాలి. వాటాలు అమ్ముదామంటే కొనేవాళ్లు తక్కువ: ఎన్ని వాటాలున్నా ఒకటే ఓటు, వెనక్కిచ్చేటప్పుడు ముఖవిలువే. అందుకే, మూలధనంగా చూపించుకోవడానికి వీలున్న ఈ దీర్ఘకాల డిపాజిట్ల దారి పట్టారు.

ఒక లెక్క వేసి చూద్దాం. రిస్కు లెక్కగట్టిన ఆస్తులు 80 కోట్లు, సొంత మూలధనం 8 కోట్లు అనుకుంటే నిష్పత్తి 10 శాతం. 12కి చేరాలంటే మరో 1.60 కోట్లు కావాలి. ఆ మొత్తం ఆరేళ్లకు 9 శాతం మీద తెచ్చారు. మామూలు ఎఫ్‌డీకి ఇచ్చేది 7 శాతమైతే, మూలధనంగా చూపించుకోవడానికి పడే అదనపు ఖర్చు ఏటా 3.20 లక్షలు. మొదటి ఏడాది మొత్తం సొమ్మూ మూలధనం లెక్కకొస్తుంది, అంటే అదనపు ఖర్చు నూటికి రెండు. మిగిలిన గడువు ఐదేళ్లలోపుకి దిగగానే లెక్కకొచ్చే మొత్తంలో కోత మొదలవుతుంది: ఏటా అసలులో 20 శాతం. మూడు నుంచి నాలుగేళ్ల గడువు మిగిలినప్పుడు లెక్కకొచ్చేది 96 లక్షలే, ఖర్చు నూటికి 3.33. ఒకటి నుంచి రెండేళ్లు మిగిలితే 32 లక్షలు, నూటికి పది. చివరి ఏడాది లెక్కకొచ్చేది సున్నా, వడ్డీ మాత్రం పూర్తిగా కట్టాలి. సరిగ్గా ఐదేళ్లకే తెస్తే మొదటి నెల తిరక్కముందే కోత మొదలు. వడ్డీ అర శాతం తగ్గుతుందని ఐదేళ్ల గడువుకు ఒప్పుకునే బోర్డులు చేసే తప్పు ఇదే.

ఈలోగా లాభాలు మిగిల్చి రిజర్వుల్లో వేసుకుంటే కోత పూడుతుంది. లేదంటే పాతది తీరకముందే కొత్తది తేవాలి, మళ్లీ నోటు తిరగరాసినట్టే. డెల్టాలో లాభం నిలకడగా ఉండదు. ఇచ్చిన అప్పులు ఒకే ప్రాంతంలో, రొయ్యల చెరువుల చుట్టూనో వరి మీదో పోగుపడతాయి. రొయ్య ధర పడినా, చెరువులో తెల్లమచ్చ తెగులు సోకినా మేత కొట్టు, ఐస్ ఫ్యాక్టరీ, వ్యాన్ల అప్పులు అన్నీ ఒకేసారి ఆగుతాయి. వాయిదా 90 రోజులు దాటితే మొండి బాకీ, దానికి లాభంలోంచి కేటాయింపు, ఆ మేరకు సొంత మూలధనం తరుగుతుంది. మరో చిక్కుంది: ఈ డిపాజిట్లు సొంత మూలధనంలో సగం మించి లెక్కకు రావు. అది తరిగితే ఈ పరిమితీ దిగుతుంది.

అందుకని నివేదికలో మొత్తం నిష్పత్తి ఒక్కటే చూసి ఊరుకోకూడదు. టైర్-1, అంటే సొంత మూలధనం, విడిగా ఎంత, నికర మొండి బాకీలు 3 శాతం లోపున్నాయా, దీర్ఘకాల డిపాజిట్లు ఏ ఏడాది ఎంత తీరాలి అన్నవి మహాజన సభలో అడగాలి. మూడోదానికి కాగితం మీద జవాబు లేకపోతే బోర్డు దగ్గర ప్రణాళిక లేదనే అనుకోవచ్చు.

ఇక ఈ డిపాజిట్ వేసేవాళ్లకు ఒక మాట. ఇది ఎఫ్‌డీ కాదు. 5 లక్షల డిపాజిట్ బీమా దీనికి వర్తించదు, మధ్యలో అడిగి తీసుకునే హక్కూ లేదు. బ్యాంకు మూతపడితే మిగతా డిపాజిటర్లందరికీ చెల్లించాకే వీళ్ల వంతు. దరఖాస్తులో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉండాలి. కౌంటర్ దగ్గర ‘ఎఫ్‌డీ లాంటిదే, రెండు శాతం ఎక్కువ’ అంటే ఆ పేజీ తీసి చూపించమనండి.