ఎటూ కలపని వైరులో 90 వోల్టులు

ఒక పాఠకుడి ప్రశ్న: "స్విచ్ కట్టేసి ఫ్యాన్ విప్పాను. పైనుంచి వేలాడుతున్న వైర్ల మధ్య డిజిటల్ మల్టీమీటరు 90 వోల్టులు చూపిస్తోంది. ఆ గదిలో ఏదో ఉందంటోంది మా అమ్మమ్మ. మీటరు పాడైందా?"

మీటరు బాగానే ఉంది. ఇంగ్లీషు వాళ్లు దీనికి పెట్టిన పేరు అచ్చంగా దెయ్యపు వోల్టేజి, కాబట్టి అమ్మమ్మగారినీ ఏమీ అనలేం!

కొత్త మట్టికుండ చెమరుస్తుంది కదా. వేలు పెడితే తడి తగులుతుంది, ఆ చెమ్మతో గ్లాసు మాత్రం నిండదు. మీ పైపులో పక్కనే కరెంటు ఉన్న వేరే వైరు (ఫేజు) పోతోంది. రెండు తీగలు, మధ్య ప్లాస్టిక్ తొడుగు: ఇదే కెపాసిటర్, అంటే కాస్త విద్యుదావేశాన్ని దాచుకునే అమరిక. ఎలక్ట్రాన్లు తొడుగు దాటి రావు. ఫేజు సెకనుకు 50 ఆవృత్తాలు తోసి లాగుతుంటే పక్క తీగలోవి అక్కడక్కడే ఊగుతాయి. అదే చెమ్మ.

ఎంత చెమ్మ? ఒక్కో మీటరు పొడవు తీగకు ఈ కెపాసిటర్ పరిమాణం 100 పీకోఫారడ్లు (దాన్ని కొలిచే చిన్న ప్రమాణం) అనుకుంటే 10 మీటర్లకు 1000. ఇది 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 32 లక్షల ఓములు అడ్డుపడుతుంది. 230 వోల్టులను దాంతో భాగిస్తే 72 మైక్రో ఆంపియర్లు, అంతకు మించి రాదు. డిజిటల్ మీటరు నిరోధం సాధారణంగా కోటి ఓములు. అంటే అది తాగేది చుక్క, అడిగేది ఒత్తిడి ఎంతని. చెమ్మలోంచి చుక్క తీసుకుంటే ఒత్తిడి పెద్దగా పడిపోదు, 219 దాకా చూపించగలదు. (ఈ లెక్కలో కెపాసిటర్ 32 లక్షలను, మీటరు 100 లక్షలను మామూలుగా కూడకూడదు, వర్గాలు కూడి మూలం తీయాలి.) పక్కనున్న న్యూట్రల్, ఎర్త్ కూడా తమవైపు లాగుతాయి కాబట్టి 60, 90, 120, ఏదైనా రావచ్చు.

అదే వైర్లకు 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు తగిలిస్తే? వెలిగేటప్పుడు కూడా దాని నిరోధం 880 ఓములే. 72 మైక్రో ఆంపియర్లు అందులోంచి పోతే వోల్టులో పదో వంతు కూడా మిగలదు. దెయ్యం పరారు. కొన్ని మీటర్లలో తక్కువ నిరోధంతో కొలిచే మీట ఉండేది అందుకే.

బడిలో మాతో "అమ్మీటరు శ్రేణిలో, వోల్టుమీటరు సమాంతరంగా" అని బట్టీ పట్టించారు. ఎందుకో ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. వోల్టుమీటరు దాదాపు ఏమీ తాగకూడదు, అమ్మీటరు దాదాపు ఏమీ అడ్డుకోకూడదు. మల్టీమీటరు ఆంపియర్ల రంధ్రంలో ప్రోబు (కొలిచే తీగ) ఉంచి, దాని మొనను గోడ సాకెట్‌లో పెడితే వెళ్లేది చుక్క కాదు, వరద. ఫ్యూజు పోతే అదృష్టం.

ఒక హెచ్చరిక. స్విచ్‌ను ఫేజుకు బదులు పొరపాటున న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగకు) పెట్టిన ఇళ్లున్నాయి. అక్కడ కూడా మీటరు ఇలాంటి అంకే చూపించవచ్చు, కానీ ఫేజు నిజంగా బతికే ఉంటుంది. మెయిన్ కట్టేయకుండా ముట్టుకోకండి.

రాత్రి స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు మినుకుమనడం చాలా ఇళ్లలో చూస్తాం. దానిలోని చిన్న కెపాసిటర్ గ్లాసు కాదు, ఉగ్గు గిన్నె. చెమ్మ కొంచెం కొంచెంగా చేరి అది నిండుతుంది. నిండగానే ఒక్క మెరుపు. మళ్లీ ఖాళీ, మళ్లీ చెమ్మ.