పుట్టింటికి వెళ్లే సంచిలో కంటి ఫైలు

పెళ్లికి ముందు నుంచే షుగర్ ఉన్న అమ్మాయి నెల తప్పిందంటే మన కర్నూలు వైపు ఇళ్లలో స్కాన్ ఎప్పుడు, రక్తం ఎంతుంది, బరువు పెరిగావా అని అందరూ అడుగుతారు. కళ్లు చూపించావా అని మాత్రం ఎవరూ అడగరు. నా బాధంతా అదే.

షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కంటి వెనకున్న రెటీనా పొరలో సన్నటి రక్తనాళాలు దెబ్బతిని, ఉబ్బి, ఊటలా కారతాయి. ఇదే డయాబెటిక్ రెటినోపతి. గర్భంతో ఒంట్లో రక్తం పెరిగి, హార్మోన్లు మారి, బీపీ కూడా తోడైతే అప్పటికే ఉన్న జబ్బు నెలల్లోనే ముదిరిపోవచ్చు. ఇంకో చిక్కు ఉంది, చాలామందికి తెలియదు: బాగా ఎక్కువగా ఉన్న షుగర్‌ని ఒక్కసారిగా దించినా ఈ కంటి జబ్బు కొంతకాలం ఎక్కువ కావచ్చు. అలాగని ఇన్సులిన్ మానకూడదు, బిడ్డ అవయవాలు ఏర్పడేది మొదటి వారాల్లోనే. అందుకే గర్భానికి ముందే కళ్లు చూపించుకుని, డాక్టరు సలహాతో హెచ్‌బిఎ1సిని (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపే రక్తపరీక్ష) నిదానంగా 6.5 శాతం లోపుకి తెచ్చుకుంటే మేలు.

గర్భంలోనే కొత్తగా వచ్చే షుగర్‌కి మామూలుగా ఈ భయం ఉండదు.

రెటినోపతి ఉన్నా మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. తీరా కళ్ల ముందు నల్లటి చుక్కలు తేలుతుంటే "రక్తం తక్కువై ఉంటుందిలే" అని ఇంకో ఐరన్ మాత్ర ఇస్తారు. దయచేసి అలా చేయకండి, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కర్నూల్లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనా చూస్తారు. అవసరమైతే లేజర్ చేస్తారు, దానితో బిడ్డకి ప్రమాదం లేదు. కంట్లోకి ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లు మాత్రం గర్భంలో వీలైనంత వరకు వద్దంటారు.

ఈ పరీక్ష మొదటి మూడు నెలల్లో ఒకసారి, తర్వాత ప్రతి మూడు నెలలకూ, కాన్పయ్యాక ఏడాది వరకూ కావాలి. ఆదోనిలో కాపురం, నంద్యాలలో పుట్టిల్లు అనుకోండి. ఏడో నెలలో గాజులు తొడిగి పంపించేస్తారు, చీరలూ సారె అన్నీ వెళ్తాయి, కంటి ఫైలు మాత్రం ఆదోని బీరువాలోనే ఉండిపోతుంది. సరిగ్గా జబ్బు ముదిరే అవకాశం ఉన్న నెలల్లో కొత్త డాక్టరుకి పాత రెటీనా ఎలా ఉండేదో తెలియదు. కాన్పయ్యాక చాలామందికి కొంత సర్దుకుంటుంది, కానీ అందరికీ కాదు. పసిబిడ్డతో ఇంట్లోనే ఉండిపోయే బాలింతకి ఆ పరీక్ష గుర్తుచేసి, బిడ్డని ఎత్తుకుని వెంట వెళ్లాల్సింది అమ్మో, అక్కో, భర్తో.