పికప్ బండికి ఇంటి దగ్గర బుష్షులు మార్చుకుంటున్నారా: అపోహలు – వాస్తవాలు

ఈ సీజన్‌లో మా షెడ్డుకి ఇలాంటి బండి రావడం నాలుగోసారి. గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలే బొలేరో పికప్. వెనక కమాన్ కట్టల (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) దగ్గర కిర్రుకిర్రుమని ఒకటే చప్పుడు. దిగీ దిగగానే ఓనరు చిరిగిన రబ్బరు బుష్షు (కమాన్ చివరి గుండ్రటి కన్నులో, బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టం) నా చేతిలో పెట్టాడు. "చూడండి మేస్త్రిగారూ, నెలన్నర కాలేదు. అంతా డూప్లికేట్ సరుకు." తమ్ముణ్ణి సాయం పెట్టుకుని, ఫోన్లో వీడియో చూసుకుంటూ ఇంటి దగ్గరే మార్చుకున్నాడు. అదీ రెండోసారి.

బుష్షు తిప్పి చూశాను. రబ్బరు ఒకే వైపుకి మెలిపడి చిరిగింది. "బోల్టు బిగించేటప్పుడు కట్ట మీద బండి బరువుందా, ఇరుసు గాల్లో వేలాడుతోందా?" అని అడిగాను.

"వేలాడుతూనే ఉంది. దింపాక కిందకి దూరలేం గదండీ!"

అదిగో, అక్కడే పోయింది డబ్బంతా.

అపోహ: బోల్టు గట్టిగా బిగిస్తే చాలు, బండి ఎక్కడుంటే ఏంటి.

వాస్తవం: రబ్బరు బుష్షు బేరింగులా తిరగదు. బోల్టు బిగించగానే లోపలి ఇనప గొట్టం బ్రాకెట్‌కి పట్టేస్తుంది, బయటి అంచు కమాన్ కన్నులో పట్టుకుని ఉంటుంది. మధ్యలో రబ్బరు మెలితిరిగి, మళ్లీ తన చోటికి వస్తుంటుంది. దాని పని అంతే. ఇరుసు వేలాడుతున్నప్పుడు కట్ట బాగా కిందికి జారి ఉంటుంది. అప్పుడు బిగిస్తే ఆ కోణమే రబ్బరుకి 'తన చోటు' అయిపోతుంది. బండి దింపగానే, ఒక్క బస్తా కూడా ఎక్కకముందే, తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది. ఆపైన లోడు, ఆపైన గుంతలు. కంపెనీ బుష్షైనా, నాసిరకం బుష్షైనా ఆ మెలిక మీద ఎన్నాళ్లని బతుకుతుంది?

మరి కిందకి దూరేదెలా అంటారా? ఆఖరి బిగింపు వేళకి స్టాండ్లు ఛాసిస్ కింద కాదు, ఇరుసు కింద పెట్టండి. అప్పుడు బండి బరువు కట్టల మీదే ఉంటుంది, మీకు చోటూ దొరుకుతుంది. కొత్త బోల్టులు ఎక్కించేటప్పుడు చేత్తో తిరిగినంతే తిప్పి వదిలేయండి. బరువు కట్టల మీదకి దిగాకే ఆఖరి బిగింపు. ముందు చక్రాల దగ్గర లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింద పట్టి ఉంచే చేతులు) విడిగా ఊగే బండైతే ఆ బుష్షులకీ ఇదే రూలు. షాకబ్జర్ కింది బోల్టుకీ ఇదే. గ్రీజు నిపిల్ ఉన్న ఇత్తడి బుష్షులకి మాత్రం ఈ బాధ లేదు, అవి తిరిగే రకం.

ఈ పాఠం నేనూ తిట్లు తినే నేర్చుకున్నాను. ఆటోనగర్‌లో హెల్పర్‌గా చేరిన కొత్తల్లో, మా మేస్త్రి టీకి వెళ్లొచ్చేలోపు పని అయిపోవాలని రెండు కట్టల బోల్టులూ గాల్లోనే బిగించేశాను. మెచ్చుకుంటాడనుకున్నా. ఆయన వచ్చి నెత్తిన ఒకటి మొట్టి, అన్నీ వదులు చేయించి, బండి దింపించి మళ్లీ బిగించమన్నాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం. బెజవాడ ఎండలో రేకుల షెడ్డు కింద ఆ అరగంట ఇప్పటికీ మరిచిపోలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

బండి వెనక కూర్చుండిపోయింది కాబట్టి షాకబ్జర్లు మార్చాలంటారు. షాకబ్జర్ బరువు మొయ్యదు, ఊగుడు ఆపుతుంది. మోసేది కమాన్ కట్ట. ముందుగా ఆ వెనక కట్టలో విరిగిన పట్టీ ఉందేమో చూడండి.

ఇంకో పట్టీ వేయిస్తే ఇంకో పది బస్తాలు ఎక్కించొచ్చంటారు. ఆర్సీలో రాసిన బరువు కట్ట ఒక్కదాన్ని బట్టి రాసింది కాదు. బ్రేకులు, టైర్లు, ఇరుసు పాతవే కదా బాబూ!

చప్పుడు పోవాలని రబ్బరు బుష్షుకి గ్రీజు పూస్తారు. మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. రెండ్రోజులు నిశ్శబ్దం, ఆ తర్వాత మళ్లీ నా దగ్గరికి.

కట్టని ఇరుసుకి పట్టి ఉంచే పాత యూ బోల్టులు బాగానే ఉన్నాయిగా అని మళ్లీ వాడతారు. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అదే పట్టు ఇవ్వదు. కొత్తవి వేయండి, ఎదురెదురుగా మార్చి మార్చి బిగించండి. నాలుగు ట్రిప్పులు తిరిగాక మళ్లీ ఓసారి పానా వేయండి, కాస్త తిరుగుతాయి.

జాకీ సంగతి మాత్రం గబగబా చెప్పను. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. దొడ్లో మట్టి నేల మీదైతే మరీ ప్రమాదం, జాకీ కాలు మెల్లగా కుంగుతుంది, మనకి తెలియదు. కింద మందపాటి చెక్క, ముందు చక్రాలకి అడ్డు, ఆపైన రెండు స్టాండ్లు. ఇవి లేకపోతే బండి కిందకి దూరొద్దు, అంతే. ముందు కాయిల్ స్ప్రింగు ఉన్న బండైతే, స్ప్రింగు నొక్కిపట్టే సరైన సాధనం లేకుండా దాని జోలికే పోవద్దు. ఆ పనికి షెడ్డుకి రండి.

ఇంటి దగ్గర మార్చుకునేవాళ్ల మీద నాకు కోపం లేదు. కిస్తీ బండి, సీజన్ నాలుగు నెలలు, ఒక్కరోజు ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది. కూలి మిగుల్చుకుందామనుకోవడం తప్పేం కాదు. మొన్నటి ఓనరు దగ్గర నేనూ బుష్షుల డబ్బే తీసుకున్నాను. బోల్టులు ఆయన చేతే బిగింపించాను, ఇరుసు స్టాండ్ల మీద పెట్టి.