గిరి ప్రదక్షిణ నడకకు శక్తి ఎక్కడిది?

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకు మీరూ వెళ్తారట. కొండ కింద తొలి మెట్టు, అదే తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే దాదాపు 32 కిలోమీటర్లు. అంత నడకకు అన్నంలోని శక్తి కండకు ఎలా అందుతుందో చెబుతాను, వినండి.

కండ కదలాలంటే ఏటీపీ కావాలి. మూడు ఫాస్ఫేట్లున్న చిన్న అణువు అది. చివరి ఫాస్ఫేటు ఊడినప్పుడు వచ్చే శక్తితోనే కండ ముడుచుకుంటుంది. కణం దీన్ని ఎక్కువగా దాచుకోదు, ఎప్పటికప్పుడు చేసుకుంటుంది. కండలో ఉన్నది గట్టి పరుగుకు రెండు మూడు సెకన్లే వస్తుంది. ఆ తర్వాత కొద్ది సెకన్లు ఆదుకునేది ఫాస్ఫోక్రియాటిన్, అంటే తన ఫాస్ఫేటునిచ్చి ఏటీపీని మళ్ళీ నిలబెట్టే అణువు. దాన్ని 1927లో బయటపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఆయనతో పనిచేసిన సైరస్ ఫిస్కే. 1929లో ఏటీపీని కూడా కండలోంచి వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నాడు. సుబ్బారావు గారి పేరు మన పిల్లలందరికీ తెలియాలి.

అసలు వంట అన్నం అరిగితే వచ్చే గ్లూకోజుతో. ఆరు కార్బన్ల గ్లూకోజు ముందు మూడేసి కార్బన్ల రెండు ముక్కలుగా, అంటే పైరువేట్లుగా విరుగుతుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు, కానీ మిగిలేది రెండు ఏటీపీలే. పైరువేటు కణంలో శక్తి తయారయ్యే గదుల్లోకి, అంటే మైటోకాండ్రియాలోకి వెళ్తే దాని కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొస్తుంది. అక్కడ ఊడిన ఎలక్ట్రాన్లు లోపలి పొర వెంట ఒక్కో మెట్టు దిగుతూ ప్రోటాన్లను పొర అవతలికి తోస్తాయి. ఆ ప్రోటాన్లు తిరిగి ఒక ఎంజైము (కణంలో రసాయన పనులు చేసిపెట్టే ప్రోటీను) గుండా లోపలికి దూకేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. చివర ఎలక్ట్రాన్లను అందుకునేది మనం పీల్చిన ఆక్సిజనే, అది నీరవుతుంది. మొత్తం లెక్క ఒక గ్లూకోజుకు 30, 32 ఏటీపీలు. సైనైడ్ ప్రాణం తీసేది ఈ చివరి మెట్టును మూసేసే.

మిగిలిన గ్లూకోజు గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది: కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండల్లో 400 దాకా. కండలోది ఆ కండకే. రక్తంలోకి వదిలే ఎంజైము దానికి లేదు. మెదడును నిలబెట్టేది కాలేయంలోదే. రాత్రంతా ఏమీ తినకపోతే అది చాలావరకు కరిగిపోతుంది. కొవ్వు గ్రాముకు 9 కిలోకేలరీలు ఇస్తుంది గానీ నెమ్మదిగా. పైగా మెదడు దాన్ని నేరుగా వాడుకోలేదు. అందుకే ఖాళీ కడుపుతో బయల్దేరితే సగం దారిలో కళ్ళు తిరుగుతాయి. రెండు మూడు గంటల ముందు ఇడ్లీయో అన్నమో తినండి, దారిలో అరటిపండు తింటూ ఉండండి.

ఈ శక్తిలో నాలుగో వంతు కూడా నడకకు చేరదు, మిగతాదంతా వేడి. మన సముద్రపు గాలి తేమకు చెమట ఆరదు, ఆ వేడి లోపలే ఉండిపోతుంది. కాబట్టి మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగండి, నీడన ఆగండి.

ఇన్సులిన్ వాడే అమ్మమ్మ, తాతయ్య మీతో వస్తుంటే గ్లూకోజు పొట్లం మీ దగ్గరుంచుకోండి. నడిచే కండ ఇన్సులిన్ లేకుండానే చక్కెరను లాగేస్తుంది. పైన మందూ తోడైతే చక్కెర బాగా పడిపోతుంది. వణుకు, చెమట, మాట తడబాటు కనబడితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి.

శుభాశీస్సులతో,
మీ తాతయ్య