ఆన్‌లైన్ విరాళాలు: క్యూఆర్ కోడ్ అతికించాక మొదలయ్యే పని

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు సుగ్గికి, అంటే పనుల కోసం వలస, వెళ్లినప్పుడు ఊళ్లోనే ఉండిపోయే పిల్లలకు బస, భోజనం, చదువు చూసే ఒక చిన్న ట్రస్టుకు కర్నూలులో ఉండి లెక్కలు రాయడం, విరాళాలు సేకరించడం నా పని. ఇలాంటి సంస్థలవారు కలిసినప్పుడు కొన్ని అపోహలు పదే పదే వినిపిస్తాయి.

అపోహ: మంచి వెబ్‌సైటు ఉంటే ముక్కూ మొహం తెలియనివారు కూడా విరాళాలు పంపుతారు.

వాస్తవం: మాకు పంపేవారిలో ఎక్కువమంది తెలిసినవారు, లేదా తెలిసినవారికి తెలిసినవారు. బెంగళూరులో ఉద్యోగం చేసే ఆదోని యువకుడొకరు తన పదో తరగతి మిత్రుల వాట్సాప్ గ్రూపులో రెండు వాక్యాలు రాసినందుకు వచ్చినంత డబ్బు, వెబ్‌సైటు ద్వారా ఏడాదంతా రాలేదు. అయినా వెబ్‌సైటు ఉండాలి, ఎందుకంటే ఆ రెండు వాక్యాలు చదివినవారు సంస్థ నిజమైనదేనా అని చూసుకునేది అక్కడే. రిజిస్ట్రేషన్ నంబరు, ట్రస్టీల పేర్లు, ఆడిట్ చేసిన లెక్కలు కనిపిస్తే చాలు.

అపోహ: క్యూఆర్ కోడ్ ఇస్తే పని అయిపోయినట్లే.

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలవుతుంది. మొదటి ఏడాది మా కోడ్ కార్యదర్శి సొంత ఖాతాకు ఉండేది. దురుద్దేశంతో కాదు, ట్రస్టు ఖాతాకు కోడ్ తీసుకునే ఓపిక లేక. డబ్బు కట్టబోయిన దాతకు తెర మీద ట్రస్టు పేరు బదులు ఒక మనిషి పేరు కనిపిస్తే చేయి వెనక్కి పోతుంది. కోడ్ మార్చాక రెండో చిక్కు ఎదురైంది. యూపీఐలో వచ్చిన మొత్తం తెలుస్తుంది గానీ, పంపినవారి చిరునామా, పాన్ తెలియవు. పేరు, చిరునామా నమోదు కాని విరాళాలు అజ్ఞాత విరాళాల కిందికి వస్తాయి. అవి మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా 1 లక్ష రూపాయలు, వీటిలో ఏది ఎక్కువైతే దాన్ని మించితే, మించిన భాగంపై 30 శాతం పన్ను పడుతుంది. పైగా 2021-22 ఆర్థిక సంవత్సరంతో మొదలైన నిబంధన ప్రకారం, దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు దొరికేలా చేసే 80జి ఆమోదం ఉన్న సంస్థ దాతల వివరాలను 10బీడీ పత్రంలో మే 31లోగా పన్ను శాఖకు దాఖలు చేసి, ఒక్కొక్కరికీ 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలి. అందుకే కోడ్ పక్కనే వివరాల ఫారం లింకు పెట్టి, డబ్బు పడిన రోజే వివరాలు అడుగుతున్నాం. మే నెలలో ఫోన్ చేస్తే ఎత్తేవారు తక్కువ.

అపోహ: 80జి అంటే చాలు, అందరూ ఇస్తారు.

వాస్తవం: కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపు వర్తించదు. పాత విధానంలో కూడా 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి రాదు.

అపోహ: అమెరికాలో ఉన్నా మనవాళ్లు మనవాళ్లే, వారి డబ్బుకు అడ్డేముంది?

వాస్తవం: చట్టం చుట్టరికాన్ని చూడదు, పౌరసత్వాన్ని చూస్తుంది. భారత పౌరుడు విదేశంలో ఉండి తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ఆయన విదేశీ దాతే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. అనుమతి ఉన్నా, ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. మేనమామ కొడుకును పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగడం ఇబ్బందే, అయినా మా ఫారంలో మొదటి ప్రశ్న అదే.

అపోహ: నెలకు మూడు వందలు ఇచ్చేవారితో ఏమవుతుంది?

వాస్తవం: పక్కనున్న అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు స్పెయిన్ దాతల నెలవారీ చందాలు ఏళ్ల తరబడి వెన్నెముకగా నిలిచాయి. మనకు 2020లో యూపీఐ ఆటోపే వచ్చింది. ఒకసారి అనుమతిస్తే ప్రతి నెలా పిన్ కొట్టకుండానే డబ్బు జమవుతుంది. నలభై మంది నెలకు 300 రూపాయల చొప్పున ఇస్తే 12,000; బియ్యం, పప్పు ఎంత కొనాలో నెల ముందే తేల్చుకోవచ్చు. అయితే దాత ఆ అనుమతిని ఎవరికీ చెప్పకుండా ఎప్పుడైనా రద్దు చేసుకోగలడు. కబురు లేని నెలల్లోనే మాకు రద్దులు ఎక్కువయ్యాయి, కాబట్టి ఎంతమంది పిల్లలు ఉన్నారో, ఎంత ఖర్చయిందో నెలనెలా నాలుగు వాక్యాల్లో పంపుతున్నాం. సుగ్గి ముగిసి తల్లిదండ్రులు తిరిగి వచ్చి బస ఖాళీ అయిన నెలలో కూడా సందేశం వెళ్తుంది. అందులో పిల్లల సంఖ్య దగ్గర సున్నా అని రాస్తాం.