మారియో బావా: అపోహలు - వాస్తవాలు (ఒక కెమెరామన్ వైపు నుంచి)

హారర్ షార్ట్ ఫిల్ములకు కెమెరా, లైటింగ్ రెండూ నేనే చూసుకుంటాను. ఇటలీ దర్శకుడు మారియో బావా పేరెత్తగానే సెట్లో అందరూ అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మొదటి నుంచీ హారర్ దర్శకుడే.

కాదు, మనలాంటి కెమెరామన్. 1914లో సాన్ రెమోలో పుట్టాడు, వాళ్ల నాన్న మూకీల కాలంలోనే కెమెరా ట్రిక్కులు చేసినవాడు. దర్శకుడిగా పేరు తెచ్చిన 'బ్లాక్ సండే' 1960లో వచ్చేసరికి ఈయనకు 46 ఏళ్లు.

అపోహ: బావా సినిమాల్లో లాంటి ఎఫెక్టులకు డబ్బుండాలి, ఇప్పుడైతే గ్రాఫిక్స్ ఉండాలి.

ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. దర్శకుడు రికార్డో ఫ్రెడా మధ్యలో వదిలేసి వెళ్లిపోతే బావా పూర్తి చేసిన 'ఇ వాంపిరి' (1957)లో, నాయిక ముఖం కట్ లేకుండా మన కళ్లముందే ముసలిదైపోతుంది. ముడతలు ఎర్ర రంగుతో గీసి ఎర్ర లైటు వేస్తే బ్లాక్ అండ్ వైట్‌లో అవి చర్మంలో కలిసిపోతాయి, లైటు రంగు మెల్లగా మార్చుకుంటూ పోతే అవే గీతలు నల్లగా పైకి తేలతాయి, అంతే. నమ్మకం కుదరక ఇంట్లో చేసి చూశాను: తమ్ముడి ముఖం మీద ఎర్ర లిప్‌స్టిక్ గీతలు, రెండు లైట్లు, ఒకదానికి ఎర్ర జెలటిన్ పేపర్, ఇంకోదానికి ఆకుపచ్చ, కెమెరా మోనోక్రోమ్‌లో. ట్యూబ్‌లైట్ ఆపడం మర్చిపోయి మొదటి టేకు పాడుచేశాను. రెండో టేకులో మానిటర్ చూసిన అమ్మ "వాడికేమైందిరా!" అని లేచి నిలబడింది. కలర్‌లో మాత్రం కుదరదు, లైటు మారడం ఇట్టే దొరికిపోతుంది.

ఇంకోటి, 'డేంజర్: డయాబోలిక్' (1968)కి చేతినిండా బడ్జెట్ ఉన్నా అందులో కొంతే ఖర్చు పెట్టాడు.

అపోహ: ఆయన సినిమా అంటే రక్తమే.

'ఎ బే ఆఫ్ బ్లడ్' (1971) ఒక్కటే చూసినవాళ్ల మాట ఇది. 'కిల్, బేబీ... కిల్!' (1966)లో వణికించేది ఒక చిన్నపిల్ల, ఒక బంతి. ఆ పిల్ల వేషం వేసింది మగపిల్లాడు!

అపోహ: రంగు లైట్లు తీసేస్తే బావా లేడు.

'రాబిడ్ డాగ్స్' చూడండి. 1974లో తీశాడు, డబ్బు గొడవల్లో ఆగిపోయింది, 1980లో ఆయన పోయిన చాలా ఏళ్లకు గానీ బయటికి రాలేదు. దాదాపు సినిమా అంతా పట్టపగలు, ఎండలో, చెమటలు కక్కే మనుషులతో కిక్కిరిసిన ఒక కారు లోపలే.