ప్యాకెట్ పాలలో విటమిన్ డి ఉంటే చుక్కల మందు ఆపవచ్చా?

పోయిన వేసవిలో సింగరాయకొండ నుంచి ఒక తల్లి ఏడు నెలల బిడ్డను చంకనేసుకుని మా డెయిరీ గేటు దగ్గరకు వచ్చింది. ఆమె చేతిలో కడిగి ఆరబెట్టిన టోన్డ్ పాల కవరు ఉంది. దాని మీద ప్లస్ ఎఫ్ గుర్తు (పోషకాలు కలిపిన ఆహారానికి వేసేది), విటమిన్ ఎ, డి కలిపిన పాలు అన్న మాటలు ఉన్నాయి. "ఇందులో డి విటమిన్ ఉందంటే డాక్టరు గారు రాసిన చుక్కలు నెల కిందటే ఆపేశాను సార్, ఈ పాలే పడుతున్నాను, చాలుతాయా?" అని అడిగింది. ఒంగోలు ప్రాంతంలో పాల నాణ్యత పరీక్షించే పనిలో ఉన్న నాకు ఈ ప్రశ్న ఏడాదికి పది సార్లైనా ఎదురవుతుంది.

అపోహ: కవరు మీద విటమిన్ డి అని ఉంటే అది మందుతో సమానం.

వాస్తవం: కాదు, లెక్క చూస్తేనే తెలుస్తుంది. 2018 నాటి ఆహార పోషక సంవర్ధన (ఆహారంలో పోషకాలు కలపడం) నిబంధనల ప్రకారం లీటరు పాలలో విటమిన్ డి 5 నుంచి 7.5 మైక్రోగ్రాములు, విటమిన్ ఎ 270 నుంచి 450 మైక్రోగ్రాములు ఉండాలి. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో డి ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నర మైక్రోగ్రాములే. ఏడాది లోపు బిడ్డకు రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు అవసరం. తల్లిపాలలో డి తక్కువ కనుకనే డాక్టర్లు చుక్కలు రాస్తారు. పైగా ఏడాది నిండని బిడ్డకు ఆవు పాలు, గేదె పాలు ప్రధాన ఆహారం కాకూడదు. ఆ తల్లికి ఇదంతా కాగితం మీద గ్లాసుల లెక్కన రాసి చూపించి, అదే రోజు పిల్లల డాక్టరును కలవమన్నాను. ఆమె కంగారు పడింది; తప్పు ఆమెది కాదని, కవరు మీది మాటను ఎవరైనా అలాగే అర్థం చేసుకుంటారని చెప్పాను.

మరి అంత కొద్దిగానే ఎందుకు కలుపుతారని అడుగుతారు. ఎ, డి విటమిన్లు కొవ్వులో కరిగేవి. గేదె పాలలోని వెన్న తీసి, కొవ్వు 3 శాతం ఉండే టోన్డ్ పాలుగా మార్చినప్పుడు అవి కూడా తగ్గిపోతాయి. ఆ లోటు పూడ్చడమే కలపడంలోని మొదటి ఉద్దేశం. అవి శరీరంలో నిల్వ ఉండిపోతాయి కాబట్టి, అదే ఇంట్లో వంటనూనెలో కూడా ఇవే కలిసి ఉండవచ్చు కాబట్టి, నిబంధన కనిష్ఠంతో పాటు గరిష్ఠం కూడా పెట్టింది. ఎంత తాగుతారో తెలియని వారందరికీ అందే పదార్థంలో మందు మోతాదు వేయడం ప్రమాదకరం.

అపోహ: పాలలో కెమికల్ పోస్తున్నారు.

వాట్సాప్‌లో తిరిగే ఈ మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. 10,000 లీటర్ల ట్యాంకుకు కనిష్ఠ మోతాదు లెక్కన పడే విటమిన్ డి మొత్తం 50 మిల్లీగ్రాములు, అంటే చిటికెడు కూడా కాదు. అంత కొద్దిది ట్యాంకంతా సమంగా పరుచుకోవాలి కనుక, ప్రీమిక్స్‌ను, అంటే విటమిన్ల మిశ్రమాన్ని, ముందు కొద్ది పాలలో బాగా కలిపి, పాశ్చరైజేషన్‌కు (క్రిములు చావడానికి పాలను వేడి చేయడానికి) ముందే ట్యాంకులో పోసి, బ్యాచ్ నంబరుతో రిజిస్టరులో సంతకం పెడతాము.

అపోహ: ప్యాకెట్ పాలన్నిటిలోనూ విటమిన్లు ఉంటాయి.

ఉండవు. పాలలో కలపడం తప్పనిసరి కాదు, తయారీదారు ఇష్టం. కలిపినవారు మాత్రం నిబంధన పాటించాలి. గుర్తు చూడండి, కవరు వెనుక మోతాదు చదవండి.

అపోహ: పాలు కాస్తే విటమిన్లు పోతాయి.

ఇంట్లో ఒక పొంగు రానిచ్చినంత మాత్రాన ఎ, డి చెప్పుకోదగినంతగా పోవు. విటమిన్ ఎ కి అసలు శత్రువు వెలుతురు. కావలి, కందుకూరులలో దుకాణం ముందు పాల ట్రేలు ఎండలో దించి వదిలేసేవారికి నేను కనిపించినప్పుడల్లా చెప్పేది ఇదే.